బరువును దిగుమతి చేసుకోవడం దేనికి?

గాలం ముల్లును బిగించి పట్టుకుని దానికి ఈకలు కట్టుకునే పనిముట్టు, ఫ్లై టైయింగ్ వైస్, కొందామని విదేశీ దుకాణాల సైట్లు తిరగేసే ప్రతివాళ్ళూ ఒక దగ్గర ఆగి ఆలోచించాల్సి వస్తుంది. ఒకే వైస్ రెండు రకాలుగా కనిపిస్తుంది. ఒకటి బల్ల అంచుకు బిగించే సీ క్లాంప్‌తో, రెండోది కింద బరువైన లోహపు దిమ్మతో. దిమ్మ ఉన్నదానికి ధర ఎక్కువ. అది రెండు మూడు కిలోలు తూగుతుంది కాబట్టి కొరియర్ చార్జీ ఎక్కువ. మన కస్టమ్స్ వాళ్ళు సుంకం లెక్కకట్టేటప్పుడు వస్తువు ధరకి రవాణా ఖర్చు కూడా కలుపుతారు. అంటే ఇనుముకు డబ్బు, ఆ ఇనుమును మోసుకొచ్చినందుకు డబ్బు, మోసినందుకు ఇచ్చిన డబ్బు మీద మళ్ళీ పన్ను. పీణ్య ఇండస్ట్రియల్ ఏరియాను పక్కన పెట్టుకుని, బెంగళూరులో కూర్చుని ఈ పని చేసేవాళ్ళని చూస్తే నాకు కడుపు మండుతుంది.

వైస్ దవడల కోసం ఎంత ఖర్చు పెట్టినా నేనేమీ అనను. సన్నటి గాలం ముల్లును జారకుండా, విరగకుండా పట్టే ఆ గట్టి ఉక్కు ముక్కల్ని సరిగ్గా చేయడం కష్టమైన పని. దిమ్మ సంగతి వేరు. దాన్ని ఇక్కడే చేయించుకోవాలి. డబ్బు మిగులుతుంది, అది సరే. అంతకంటే పెద్ద కారణం, కొనే దిమ్మ కంటే చేయించుకున్నది బాగా నిలబడుతుంది. ఎందుకో లెక్కతో సహా చెబుతాను.

ముందు, ఈ గోల తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. గాలం ముల్లుకు దారం, ఈకలు, బొచ్చు చుట్టి పురుగులానో చిన్న చేపలానో కనిపించే ఎర తయారుచేయడాన్ని ఫ్లై టైయింగ్ అంటారు. ఆ ముల్లును దవడల మధ్య బిగించి పట్టుకునేది వైస్. దవడల కింద ఒక నిలువు రాడ్, రాడ్ కింద దిమ్మో క్లాంపో. బెంగళూరులో ఉంటూ ఇదేం సరదా అని అడిగేవాళ్ళకు నా దగ్గర గొప్ప జవాబేమీ లేదు. చెరువుల్లో కొరమేను ఉంది, మున్నార్ వైపు పోతే ట్రౌట్ ఉంది. కావేరిలోని గూని మహసీర్ చేపను అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2018లో అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చింది, దాని జోలికి నేను పోను. నిజం చెప్పాలంటే నేను పట్టేదానికంటే కట్టేదే ఎక్కువ. ఊరి నుంచి వచ్చే చుట్టాలు డేగ పుంజు, కాకి పుంజు మెడ ఈకలు కవర్లో పెట్టి తెచ్చిస్తుంటారు. విదేశాల్లో ‘ఇండియన్ కేప్’ అని ప్యాకెట్టులో పెట్టి అమ్మేది కూడా మన దేశపు పుంజు మెడ తోలే, ఈకలతో సహా. ఈకలేమో ఇక్కణ్ణుంచి అటు పోతాయి, ఇనుమేమో అటు నుంచి ఇటు రావాలట!

ఇక సీ క్లాంప్ ఉండగా దిమ్మ అవసరమేముంది అనేది మా బావ ప్రశ్న. మంచి ప్రశ్నే. గట్టి టేకు బల్ల, చదునైన అంచు, కింద అడ్డుపట్టీ లేకుండా ఉంటే సీ క్లాంప్‌ను మించింది లేదు. బల్ల మొత్తం దిమ్మగా మారిపోతుంది. కానీ అలాంటి బల్ల మన అద్దె ఇళ్ళల్లో ఎక్కడుంది? డైనింగ్ టేబుల్ అద్దంది, దానికి క్లాంప్ బిగించాలన్న ఆలోచనే రానివ్వకూడదు. వంటగది గ్రానైట్ అంచును గుండ్రంగా నున్నగా చేసి ఉంటారు, క్లాంప్ జారుతుంది. ఆన్‌లైన్‌లో కొన్న కంప్యూటర్ టేబుల్ పైకి చెక్కలా కనిపిస్తుంది గానీ లోపల రంపపు పొట్టును జిగురుతో అదిమిన బోర్డు. నాలుగు రోజులు బిగిస్తే క్లాంప్ గుర్తు గుంటలా పడిపోతుంది. ఫర్నిచర్ కూడా అద్దెకు తెచ్చుకున్నదైతే ఆ గుంట డిపాజిట్టులో కనిపిస్తుంది. పైగా కూర్చునే చోటును బల్ల అంచే నిర్ణయిస్తుంది. దిమ్మ ఉంటే బాల్కనీలో వెలుతురున్న చోటికి, వాన పడితే లోపలికి, ఎక్కడికైనా వైస్‌ను చేత్తో ఎత్తుకుపోవచ్చు. ప్రయాణాల్లో మాత్రం బావదే రైటు. మున్నార్ బస్సులో మూడు కిలోల ఇనుము మోసుకెళ్ళమని నేను చెప్పను.

సరే, దిమ్మ ఎంత బరువుండాలి? ‘ఎంత బరువైతే అంత మంచిది’ అనే జవాబు చాలా చోట్ల వినిపిస్తుంది. అది సోమరి జవాబు. దిమ్మ చేయాల్సిన పని ఒక్కటే: మనం దారాన్ని లాగినప్పుడు వైస్ ముందుకు ఒరగకూడదు. అంటే ముందు దారం తెగాలి, ఆ తరవాతే దిమ్మ లేవాలి. కాబట్టి లెక్క దారం నుంచి మొదలుపెట్టాలి.

ఫ్లై కట్టే దారాల మందాన్ని డెనియర్లలో చెబుతారు. 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. మంచి నైలాన్ దారం డెనియర్‌కు ఆరేడు గ్రాముల లాగుడు తట్టుకుంటుందనుకుంటే, 70 డెనియర్ దారం అర కిలో లోపే తెగిపోతుంది, 140 డెనియర్ దారం కిలోకి కాస్త ఇటుగా తెగుతుంది, 210 డెనియర్ దారం 1.4 కిలోల దాకా ఆగుతుంది. కొరమేను కోసం పెద్ద ముల్లు మీద బొచ్చు దట్టంగా అదిమి కట్టేటప్పుడు వాడేది ఈ లావు దారమే. మన లక్ష్యం 1.4 కిలోలు.

ఇప్పుడు గాలం ముల్లు బల్ల నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. అక్కడ 1.4 కిలోల బలంతో మన వైపు లాగితే, దిమ్మ ముందు అంచు మీద తిరగబడడానికి చూస్తుంది. 1.4ను 20తో గుణిస్తే 28. దాన్ని ఆపేది దిమ్మ బరువు, ఆ బరువు కేంద్రం నుంచి ముందు అంచు దాకా ఉన్న దూరం, ఈ రెండింటి లబ్ధం. అది కూడా 28 కావాలి. బరువు కిలోల్లో, దూరం సెంటీమీటర్లలో.

ఈ లెక్కలో బరువుకు ఎంత పాత్ర ఉందో దూరానికీ అంతే ఉంది. అమ్మే దిమ్మలన్నీ ఈ సంగతి దగ్గరే తేలిపోతాయి. ఒక ఉదాహరణ చూడండి. 15 సెంటీమీటర్ల చదరం, 16 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు ప్లేటు తీసుకుంటే 360 ఘన సెంటీమీటర్లు. ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.85 గ్రాములు కాబట్టి బరువు సుమారు 2.83 కిలోలు. మధ్య నుంచి అంచుకు దూరం 7.5. లబ్ధం 21 చిల్లర, అంటే 1.06 కిలోల లాగుడుకే లేస్తుంది. ఇప్పుడు అదే ఇనుమును 20 సెంటీమీటర్ల పొడవు, 15 వెడల్పు, 12 మిల్లీమీటర్ల మందంగా పరవండి. అవే 360 ఘన సెంటీమీటర్లు, అదే బరువు. పొడవు మన నుంచి అవతలికి పోయేలా, ఇరుకు అంచు మనకేసి ఉండేలా పెట్టుకుంటే అంచు దూరం 10. లబ్ధం 28.3. ఒక్క గ్రాము కలపకుండా పని అయిపోయింది. విదేశీ దిమ్మలు చాలావరకు చదరంగా, చిన్నవిగా, మందంగా ఉంటాయి, ఎందుకంటే పెట్టెలో ఇమడాలి, ఫొటోలో ముద్దుగా కనిపించాలి. అలా ఉంటే అదే నిలకడ కోసం ఇంకో కిలో మోయాలి. ఆ కిలోకి మనం కస్టమ్స్ కట్టాలి.

రాడ్ ఎక్కడ నిలబెట్టాలన్నది ఇంకో వాదం. కొందరు దాన్ని ముందు అంచు దగ్గర పెడతారు, చేతులకు అడ్డం రాదని. నేను వెనకవైపు, వెనక అంచుకు ఐదు సెంటీమీటర్ల ఇవతల పెట్టమంటాను. నేరుగా మనవైపు లాగినంత సేపూ రాడ్ ఎక్కడున్నా తేడా లేదు, పైన లెక్కే వర్తిస్తుంది. కానీ మనం లాగేది చాలాసార్లు మనవైపూ కిందికీ కలిపి. కిందికి లాగే భాగం ముందు అంచుకు ఎంత వెనక పడితే దిమ్మను అంత గట్టిగా అదుముతుంది. రాడ్ ముందు అంచు మీదే ఉంటే ఆ లాభం సున్నా. ఇంకో ఉపయోగం కూడా ఉంది: ముల్లు కింద ఒక చదునైన ఇనుప నేల ఉంటుంది. దాని మీద తెల్ల కాగితం పరిచి, ఓ మూల అయస్కాంతం పెట్టుకుంటే జారిన ముళ్ళు చాప మీద పడి అరికాల్లో దిగవు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

ఏ పదార్థంతో చేయాలి అన్నదానికి నా జవాబు మామూలు ఎంఎస్ ప్లేటు, అంటే మైల్డ్ స్టీల్, మెత్తటి ఉక్కు. సీసం సాంద్రత 11.34, ఉక్కు కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు, అందుకే సీసం పోసుకుందాం అనే ఆలోచన కొందరికి వస్తుంది. వద్దు. పొగ విషం, చేతులకు అంటినా విషం, ఇంట్లో పొయ్యి మీద కరిగించే వస్తువు కాదు అది. ఆ భయం అలా ఉంచినా సీసంతో లాభమే లేదు. దిమ్మకు ఎలాగూ 20కి 15 విస్తీర్ణం కావాలి; ఆ విస్తీర్ణంలో 12 మిల్లీమీటర్ల ఉక్కే సరిపోతున్నప్పుడు సీసం వాడితే దిమ్మ కాస్త పల్చబడుతుంది, అంతే. తక్కువ చోటులో బరువు కావాలన్నప్పుడే సాంద్రతకు విలువ. ఇక్కడ మనకు చోటే కావాలి.

గ్రానైట్ మీద నాకు కోపం లేదు. బెంగళూరు పక్కన జిగని వైపు రాళ్ళు కోసే ఫ్యాక్టరీల్లో వంటగది పలకలు కోయగా మిగిలిన ముక్కలు గుట్టలుగా ఉంటాయి. సాంద్రత 2.7 మాత్రమే కాబట్టి పెద్దది కావాలి: 25కి 20, మందం 2 సెంటీమీటర్లు అయితే 2.7 కిలోలు, అంచు దూరం 12.5, లబ్ధం 33 దాటుతుంది. లెక్క ప్రకారం ఉక్కు కంటే మెరుగు. అందానికైతే పోలికే లేదు. ఇబ్బంది ఎక్కడంటే, రాతిలో మర కొట్టలేం. వజ్రపు పొడి అద్దిన బిట్‌తో రంధ్రం చేసి, అందులో ఇనుప బుష్, అంటే రాడ్ దూరే గొట్టం ముక్క, పెట్టి, ఎపాక్సీతో అతికించాలి. కింద పడితే మూల పగులుతుంది, లేదా కింద టైల్ పగులుతుంది. ఓపిక ఉన్నవాళ్ళు చేసుకోవచ్చు.

వర్క్‌షాపుల చుట్టూ తిరగలేనివాళ్ళకు ఇంకో దారి ఉంది. లాక్‌డౌన్‌లో కొని, ఇప్పుడు మంచం కింద దుమ్ము పట్టిన జిమ్ సామాను చాలా ఇళ్ళల్లో ఉంది. పోతపోసిన ఇనుప ప్లేటు, ఐదు కిలోలది, వ్యాసం ఇరవై రెండు సెంటీమీటర్లు ఉంటే చాలు, లెక్క 55. అవసరానికి దాదాపు రెట్టింపు. మధ్యలో రంధ్రం కూడా తయారుగా ఉంటుంది. దానికి సరిపడా బుష్ ఒక్కటి తిప్పించుకుంటే పని అయిపోతుంది. ప్లాస్టిక్ తొడుగు లోపల సిమెంటు నింపిన రకం మాత్రం పనికిరాదు. పాత కాటా రాళ్ళతో చేసుకుంటామని అడిగినవాళ్ళూ ఉన్నారు. బరువు ఉంది, పాదమే లేదు. ఎత్తుగా, ఇరుకుగా ఉండే వస్తువు దిమ్మ కాలేదు.

ఇంతవరకూ చెప్పింది ఒరగడం గురించి. అసలు చికాకు పెట్టేది ఊగడం. దిమ్మ కదలకపోయినా ముల్లు కదులుతుంటుంది, దారం చుట్టిన ప్రతిసారీ చిన్నగా తల ఊపుతుంది. చాలామంది ఇది చూసి దిమ్మకు ఇంకా బరువు కలుపుతారు. రోగం ఒకటి, మందు ఒకటి. ఊగేది రంధ్రంలో.

అమెరికా వైస్‌ల రాడ్ సాధారణంగా అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు, మన మేస్త్రీల భాషలో మూడు సూత్, అంటే 9.525 మిల్లీమీటర్లు. మన వర్క్‌షాపులో చేతికి అందే డ్రిల్లు పది మిల్లీమీటర్లది. తేడా అర మిల్లీమీటరు కూడా లేదు కదా అనిపిస్తుంది. కానీ ఆ రంధ్రం లోతు ప్లేటు మందమంతే, 12 మిల్లీమీటర్లు. 12కి దాదాపు అర మిల్లీమీటరు వదులుంటే, 200 మిల్లీమీటర్ల ఎత్తున ఉన్న ముల్లు దగ్గర అది దాదాపు 8 మిల్లీమీటర్లవుతుంది. వదులు ఎంత అన్నదానికంటే, అది ఎంత లోతు మీద ఉంది అన్నది ముఖ్యం. అందుకే నేరుగా ప్లేటులో రంధ్రం కొట్టి రాడ్ దించకూడదు. 35 మిల్లీమీటర్ల రౌండ్ బార్ నుంచి ఒక బుష్ తిప్పించాలి, కింది భాగం ప్లేటులోకి బిగుతుగా దిగేలా, పైభాగం భుజంలా ప్లేటు మీద కూర్చునేలా. దాన్ని కింద నుంచి వెల్డింగ్ చేసి, ఆ తరవాతే లోపలి రంధ్రం చేయించాలి. ముందు రంధ్రం చేసి తరవాత వెల్డ్ చేస్తే వేడికి రంధ్రం వంకరపోతుంది. మొత్తం లోతు 40 మిల్లీమీటర్లు, రీమర్ (రంధ్రాన్ని సరైన కొలతకు గీసే పనిముట్టు) వేసి నున్నగా చేసిన రంధ్రం, వదులు 0.05 మిల్లీమీటర్లు అనుకుంటే ముల్లు దగ్గర కదలిక పావు మిల్లీమీటరు. పక్క నుంచి ఎం6 (ఆరు మిల్లీమీటర్ల) మర కొట్టి, తల లేని గ్రబ్ స్క్రూలు రెండు, ఒకదాని కింద ఒకటి బిగిస్తే ఆ పావు కూడా దాదాపు పోతుంది. స్క్రూ కొనకు ఇత్తడి ముక్క ఉంటే రాడ్ మీద గాటు పడదు.

ఇంకా బిగుతు కావాలా? అక్కర్లేదు. 20 సెంటీమీటర్ల పొడవున్న ఆ మూడు సూత్ ఉక్కు రాడ్‌ను పై కొసన కిలో బలంతో లాగితే అదే మిల్లీమీటరులో మూడో వంతు వంగుతుంది. దిమ్మలో అంతకంటే సన్నని మెరుగుల కోసం డబ్బు తగలేయడం దండగ. కావాలంటే రాడ్‌ను ఓ రెండు సెంటీమీటర్లు కిందికి దించుకోండి. వంపు పొడవు ఘనాన్ని బట్టి ఉంటుంది కాబట్టి నాలుగో వంతుకు పైగా తగ్గిపోతుంది, ఒరిగే లెక్క కూడా మెరుగవుతుంది. రెండూ ఊరికే వస్తాయి.

పీణ్యలో నా దిమ్మ చేసిన లేత్ ఆయన మదనపల్లె మనిషి. 1953లో హెచ్‌ఎంటీ పెట్టినప్పటి నుంచీ జాలహళ్ళి, పీణ్య వైపు యంత్రాలు చేసే యంత్రాల మధ్యే బతికిన ఊరిది, పని తెలిసిన చేతులకు కొదవలేదు. పెద్ద కంపెనీ ఆర్డర్ల మధ్య నా ఒక్క ముక్క పనికి ఎవరూ ఒప్పుకోరేమో అని టెన్షన్ పడ్డాను గానీ, శనివారం మధ్యాహ్నం రమ్మన్నాడు. కాగితం మీద గీసింది చూసి, ‘ఇది దేనికి సార్?’ అన్నాడు.

‘చేపల గాలానికి ఈకలు కట్టేదానికి, అన్నా.’

‘ఈకలు కట్టేదానికి మూడు కేజీల ఇనుమా?’ అని నవ్వి, పని మాత్రం శ్రద్ధగా చేశాడు. పది ఎంఎం రంధ్రం కొడితే సరిపోదా అని ఊరికే అడిగి చూశాను. ‘సరిపోతాది సార్. ఊగతాది, అంతే’ అన్నాడు. నేను మూడు పేరాల్లో చెప్పింది ఆయన మూడు మాటల్లో తేల్చేశాడు. ఇంకో మాట కూడా చెప్పాడు, అది నాకు తట్టలేదు: కాగితం మీద కొలత రాసివ్వడం కంటే రాడ్డునే చేతికివ్వడం మేలని. రాడ్ పట్టుకుని రంధ్రం సరిచూసుకుంటే కొలతల్లో తకరారు ఉండదు.

అడుగున ఏం పెట్టాలన్నదాని మీద జనం పెద్దగా ఆలోచించరు. ఉత్త ఇనుము సన్‌మైకా మీద జారుతుంది; తన బరువులో ఐదో వంతు లాగినా చాలు, అంటే మన దిమ్మ అర కిలో చిల్లరకే జారుతుంది, ఒరిగేదాకా ఎందుకు. రబ్బరు తప్పదు. అయితే మెత్తటి, ఎత్తైన రబ్బరు బొడిపెలు పెడితే మళ్ళీ ఊగుడు మొదలు. మూడు కాళ్ళ పీట ఎగుడుదిగుడు నేల మీద కూడా కుదురుగా కూర్చుంటుందని మూడు పెట్టేవాళ్ళున్నారు. కూర్చోవడం నిజమే. కానీ గుండ్రటి దిమ్మకు మూడు కాళ్ళు పెడితే, రెండు కాళ్ళను కలిపే గీతే అంచు అవుతుంది. ఆ గీత మధ్య నుంచి వ్యాసార్థంలో సగం దూరంలోనే ఉంటుంది. ఇందాక కష్టపడి సంపాదించిన దూరంలో సగం పోయినట్టే. 2 లేదా 3 మిల్లీమీటర్ల గట్టి రబ్బరు షీటు అడుగంతా అతికించేయండి. బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో అడిగినంత ముక్క కోసి ఇస్తారు.

ఫినిషింగ్ ఇంపోర్టెడ్ దానిలా రాదు కదా అని నా స్నేహితుడొకడు ఇప్పటికీ వాదిస్తాడు. పౌడర్ కోటింగ్ చేయించు, ఏ దేశానిదో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఒక్క జాగ్రత్త: కోటింగ్‌కు ఇచ్చేముందు రంధ్రంలోకి పౌడర్ పోకుండా బిరడా పెట్టమని చెప్పాలి. ఆ పొర మందం పదుల మైక్రాన్లలో ఉంటుంది, అంత బిగుతుగా చేయించుకున్న రంధ్రంలో రాడ్ ఇక దూరదు. చెన్నైలో ఉండేవాళ్ళు ఈ కోటింగ్ ఖర్చుకు వెనకాడకూడదు, ఆ సముద్రపు గాలికి ఉత్త ఇనుము వారంలో ఎర్రబడుతుంది. బెంగళూరులో అయితే నూనె గుడ్డతో తుడుచుకుంటూ నెట్టుకురావచ్చు.

ఇదంతా విన్నాక కూడా దిమ్మతో సహా తెప్పించుకుంటాం అనేవాళ్ళను నేను ఆపలేను. కనీసం ఆ పేజీలో దిమ్మ కొలతలు చూడండి. పొడవులో సగాన్ని బరువుతో గుణించండి. 28 వస్తేనే కార్డు బయటికి తీయండి.